ఫీల్డ్‌లో పేషెంట్‌ని చూడాలా, యాప్‌లో ఎంట్రీలు చూసుకోవాలా? ఏఎన్ఎంలు, ఆశాలు, డాక్టర్లు మీ దగ్గర ఎలా ఉందో చెప్పండి

కొండదారి_ఏఎన్ఎం
ఉత్తరాంధ్రలో ఒక ఏజెన్సీ (గిరిజన ప్రాంత) మండలంలో ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళు తిరిగే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తగా చేస్తున్నా. గర్భిణులకి ఒక యాప్, టీకాలకి ఒకటి, బీపీ షుగర్ స్క్రీనింగ్‌కి ఒకటి, టీబీకి ఒకటి, ఆభా అనే ఆరోగ్య ఐడీలకి ఒకటి, జ్వరాల సర్వేకి ఇంకోటి, ఇవి కాక పొద్దున్నే మన మొహం చూపించి హాజరు వేయించుకునేది వేరే. ఒకే మనిషి పేరు, ఆధార్, భర్త పేరు, ఫోన్ నంబరు అన్నిట్లోనూ మళ్ళీ మళ్ళీ కొట్టాలి, ఒక యాప్‌కీ ఇంకో యాప్‌కీ మాటల్లేవు. పోనీ రిజిస్టర్లు పోయాయా అంటే లేదు, తనిఖీకి వచ్చినవాళ్ళు ముందు అడిగేది రిజిస్టరే.

మొన్న ఒక ఊళ్ళో ఎనిమిదో నెల గర్భిణి, కాళ్ళు వాచిపోయి ఉన్నాయి, తలనొప్పి అంటోంది, బీపీ చూస్తే 160 దాటింది. 108కి ఫోన్ చేసి, రోడ్డు దాకా తీసుకొచ్చి, నేనూ వెంట వెళ్ళి ఆస్పత్రిలో చేర్పించేసరికి సాయంత్రం అయిపోయింది. అదృష్టం బాగుండి ఆవిడ క్షేమంగానే ఉంది. ఈలోగా నా ఫోన్‌కి వరసగా మెసేజ్‌లు, మీ సెంటర్ ఎంట్రీలు సున్నా, సాయంత్రంలోగా పూర్తి చెయ్యండి అని. మర్నాడు రివ్యూలో నా సెంటర్ పేరు ఎర్ర రంగులో చూపించారు, ఆ రోజు నేను చేసిన పని మాత్రం ఏ స్క్రీన్ మీదా లేదు.

యాప్‌లు వద్దని నేను అనట్లేదు. వాటివల్ల పేషెంట్‌కి నిజంగా మేలు జరిగిన సందర్భాలుంటే అవీ రాయండి, తెలుసుకోవాలనుంది.

ఓరుగల్లు_ఆశ
అక్కా మా దిక్కు గూడ గంతే. కాన్పైన ఇంటికి 3వ రోజు, 7, 14, 21, 28, 42 గిట్ల ఆరుసార్లు పోవాలె, బిడ్డ బరువు చూడాలె, ఒళ్ళు చల్లబడ్డదా చూడాలె, బొడ్డు చూడాలె, తల్లికి పాలు పడుతున్నయా అడగాలె. గిదంత జేసి ఇంటికొచ్చినంక యాప్‌ల ఎక్కియ్యకపోతే పోనట్టే లెక్క. నెట్ ప్యాక్ నా పైసలతోనే ఏసుకుంటున్న. యాప్‌ల సగం ఇంగ్లీషే ఉంటది, ఇంటర్ చదివే నా బిడ్డ కూసొని కొట్టిపెడ్తది రాత్రిపూట.

చదువరి
మా అమ్మ అంగన్‌వాడీ టీచర్. అక్కడా ఇదే కథ, 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్, ఇప్పుడు సరుకులు ఇవ్వాలంటే తల్లి మొహం ఫోన్‌లో సరిపోవాలి. కాన్పయ్యాక బాగా చిక్కిపోయిన వాళ్ళ మొహాలు ఒక్కోసారి సరిపోవట్లేదట. సరుకు కావాల్సింది ఎక్కువగా వాళ్ళకే.

మెడికలాఫీసర్_పల్నాడు
నేను కొంచెం వేరే మాట చెప్తా, కోప్పడకండి. నేను పీహెచ్‌సీలో చేరిన కొత్తల్లో అన్నీ రిజిస్టర్లే. నెలాఖరుకి ఏఎన్ఎంలు లెక్కలు కూడి తెచ్చేవాళ్ళు, అందులో హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువున్న గర్భిణులు ఇంతమంది అని అంకె ఉండేది, ఎవరు, ఏ ఊరు అని అడిగితే మళ్ళీ పుస్తకాలు తిరగేయాలి. అప్పటికి కొందరికి కాన్పు కూడా అయిపోయేది. ఇప్పుడు పొద్దున్న సిస్టమ్ తెరిస్తే హై రిస్క్ వాళ్ళ పేర్లు ఊరితో సహా కనబడతాయి. పిలిపించి ఐరన్ సుక్రోజ్ ఇంజెక్షన్ ఎక్కిస్తున్నాం, రక్తం ఎక్కించాల్సిన వాళ్ళని ముందే పంపిస్తున్నాం.

ఇంకోటి, మనవైపు మొదటి కాన్పుకి పుట్టింటికి వెళ్తారు కదా. అత్తగారి ఊళ్ళో ఐదు నెలలు చూపించుకుని, ఏడో నెలలో మా ఊరొస్తుంది, కార్డు మర్చిపోయి వస్తుంది. ఇదివరకు అన్నీ మొదటినుంచి అడగాల్సొచ్చేది, ఇప్పుడు గర్భిణిగా నమోదైనప్పుడు ఇచ్చిన ఆర్‌సీహెచ్ నంబరు కొడితే అంతకుముందు చూసినవి దొరుకుతున్నాయి. ఆ ఎంట్రీ ఎక్కడో ఒక ఏఎన్ఎం ఓపిగ్గా కొట్టబట్టే కదా దొరికేది.

కొండదారి_ఏఎన్ఎం
సార్ మీరు చెప్పింది నిజమే, కానీ ఒకటి గమనించండి, ఆ హై రిస్క్ లిస్టు వచ్చేది మీకు. మాకు వచ్చేది పెండింగ్ లిస్టు. ఈ వారం నా పరిధిలో ఎవరికి టీకా వెయ్యాలి, ఎవరు మానేశారు, ఎవరి బీపీ పోయినసారి ఎక్కువ వచ్చింది అనేది నేను చేత్తో డైరీలో రాసుకుంటున్నా. అవన్నీ నేనే ఎక్కించాను, మళ్ళీ నాకు మాత్రం ఆ యాప్ చెప్పదు.

యూనియన్_లక్ష్మి
పై పోస్టుకి ప్లస్ వంద.

ఓరుగల్లు_ఆశ
అక్క మంచిగ చెప్పింది.

కోడర్_కాకినాడ
ఇలాంటి యాప్ ఒకదానికి పని చేసిన టీమ్‌లో నేనున్నా, ఏ రాష్ట్రమో చెప్పను. ఇన్ని యాప్‌లు ఎందుకంటే టీబీకి ఒక విభాగం, టీకాలకి ఒకటి, బీపీ షుగర్‌కి ఒకటి, ఎవరి బడ్జెట్ వాళ్ళది, ఎవరి టెండర్ వాళ్ళది, కాబట్టి ఎవరి యాప్ వాళ్ళది. మేం మొదలుపెట్టినప్పుడు ఫారంలో కాలమ్‌లు కొన్నే, ప్రతి మీటింగ్‌కీ ఒక ఆఫీసర్ ఇది కూడా అడిగితే బాగుంటుంది కదా అంటారు, మేం పెడతాం, ఒక్కటి కూడా తీసెయ్యమని అడిగినవాళ్ళు లేరు. ఫీల్డ్‌కి వెళ్ళి ఒక ఏఎన్ఎం పక్కన కూచుని ఆవిడ ఎలా వాడుతోందో చూసే అవకాశం మాకు ఎప్పుడూ ఇవ్వలేదు.

బాగా చేసినవీ ఉన్నాయి. బీపీ కార్యక్రమం ఒకటుంది, ఐహెచ్‌సీఐ అంటారు, 2017 చివర్లో పంజాబ్, కేరళ, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణ రాష్ట్రాలతో మొదలైంది. దానికి వాడిన యాప్‌ల్లో సింపుల్ అని ఒకటి, పేరుకి తగ్గట్టే బీపీ ఎంత, ఏ మందు, మళ్ళీ ఎప్పుడు రావాలి, దాదాపు అంతే. పేషెంట్‌కిచ్చిన కార్డు మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వివరాలు తెరుచుకుంటాయి. రావాల్సిన తేదీకి రానివాళ్ళ లిస్టు నర్సుకే చూపిస్తుంది, అందులోంచే ఫోన్ చెయ్యొచ్చు. నెట్ లేకపోయినా పని చేస్తుంది, తర్వాత సింక్ అవుతుంది. మేడం అడుగుతున్నది సరిగ్గా ఇదే, చెయ్యలేనిదేం కాదు.

గోప్యత_గోపి
వరంగల్ అక్కా, మీరు రాసినదాంట్లో నాకు భయం వేసింది ఒకటుంది. రాత్రిపూట మీ అమ్మాయి ఎంట్రీలు కొడుతోంది అంటే ఊళ్ళో ఎవరికి టీబీ, ఎవరు గర్భిణి, ఎవరికి గర్భం పోయింది అన్నీ ఇంటర్ చదివే పిల్ల చూస్తోందన్నమాట. 2023లో డేటా చట్టం వచ్చింది, ఆరోగ్య వివరాలు అలా బయటివాళ్ళ చేతికి వెళ్ళకూడదు.

ఓరుగల్లు_ఆశ
బయటోళ్ళు గాదు తమ్ముడు నా బిడ్డ. అయినా నువ్వు చెప్పింది అర్థమైంది, మరి ట్రైనింగ్ ఒక్క పూట ఇచ్చిండ్రు, గది గూడ ప్రొజెక్టర్ మీద చూపిచ్చిండ్రు, ఫోన్ పట్టుకొని చేపిచ్చినోళ్ళు లేరు. యాప్ తెలుగుల ఉంటే, చదివి వినిపిస్తే నా అంతల నేనే చేసుకుంట. చట్టం ముందుగాల మాకు ఫోన్ ఇచ్చినోళ్ళకు చెప్పాలె.

గోప్యత_గోపి
అది న్యాయమే అక్కా. నా మాట మీ మీదకి కాదు.

మదనపల్లె_సీహెచ్ఓ
ఓటీపీ సంగతి ఎవరూ రాయలేదేం? ఆభా చెయ్యాలంటే ఆధార్‌కి లింకైన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. ఆ ఫోన్ కొడుకు దగ్గరుంటుంది, కొడుకు తిరుపూరులోనో బెంగళూరులోనో ఉంటాడు. ఫోన్ చేసి నాయనా నంబరు చెప్పు అంటే ఎవరమ్మా నువ్వు, సైబర్ దొంగవా అని పెట్టేస్తాడు! ఒక అవ్వ అయితే ఫోన్ గట్టిగా కొంగులో ముడేసుకుని, ఓటీపీ ఎవురికీ చెప్పొద్దని టీవీలో రోజూ చెప్తాండారు, నేను చెప్పనంటే చెప్పను పాపా అనేసింది. నాకు నవ్వొచ్చింది, ఆ అవ్వ చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని కూడా. వేలిముద్రతో, మొహంతో కూడా చెయ్యొచ్చు, కానీ పరికరం ఉండాల, సిగ్నల్ ఉండాల, ముసలోళ్ళ వేళ్ళు అరిగిపోయి ఉంటాయి.

అవ్వ వచ్చింది మోకాళ్ళ నొప్పికి. ముందు నొప్పి చూసి, తర్వాత ఐడీ సంగతి అనేది నా పద్ధతి.

చదువరి
ఆ అవ్వ చేత ఊరందరికీ క్లాసు చెప్పించాలి 😄

బెంగళూరు_రవి
నేను పేషెంట్ వైపు నుంచి రాస్తున్నా. మా నాన్నకి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి, ఊళ్ళోనే ఉంటాడు. రెండు నెలలు నా దగ్గర బెంగళూరులో ఉన్నాడు. ఆ టైమ్‌లో ఆయన ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీకు బీపీ, షుగర్ పరీక్ష చేశాం అని. మనిషి నా పక్కన సోఫాలో కూచుని ఉన్నాడు, మా ఊళ్ళో ఆయనకి పరీక్ష ఎవరు చేశారు? ఏ సెంటరో చెప్పను, అక్కడి అమ్మాయి మంచిదే. కానీ రేపు నాన్నకి ఏదన్నా అయితే డాక్టరు ఆ రికార్డు చూసి బీపీ బానే ఉంది కదా అనుకుంటే పరిస్థితేంటి?

మెడికలాఫీసర్_పల్నాడు
రవి గారూ మీరు చెప్పింది చాలా ప్రమాదకరమైన విషయం. రికార్డు లేకపోతే డాక్టర్ మళ్ళీ బీపీ చూస్తాడు. తప్పుడు రికార్డు ఉంటే చూడకుండా వదిలేసే అవకాశముంది. ఎంట్రీ లేకపోవడం కంటే ఇది పెద్ద నష్టం.

కొండదారి_ఏఎన్ఎం
అలా చెయ్యడం తప్పే, నేను సమర్థించను. కానీ అది ఎలా పుడుతుందో కూడా చూడాలి. 30 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సర్ స్క్రీనింగ్ చెయ్యాలి, అంతకుముందు ఒక పెద్ద ఫారం నింపాలి. ఉపాధి పనులకి, కూలికి పోయినవాళ్ళు పగలు ఇంట్లో ఉండరు. గ్లూకోమీటర్ ఉంటుంది, స్ట్రిప్పులు అయిపోతాయి. అవి ఎప్పుడొస్తాయో చెప్పేవాళ్ళు లేరు గానీ ఎంట్రీ ఎన్ని గంటలకల్లా అయిపోవాలో చెప్పేవాళ్ళు ముగ్గురుంటారు. మనిషి ఇంట్లో లేరు, స్ట్రిప్పులు లేవు, వలస వెళ్ళారు అని రాసే చోటు యాప్‌లో ఉండి, దాన్ని కూడా పనిగా లెక్కేస్తే అబద్ధం రాయాల్సిన అవసరం ఎవరికొస్తుంది?

ప్రజారోగ్యం_ఎంపీహెచ్
పై పోస్టులో స్ట్రిప్పుల సంగతి చాలా ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో డిజిటల్ ఆరోగ్య సేవల మీద మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో సిఫార్సు చేసిన వాటిలో ఒకటి, మందులు, సరుకులు ఎంత ఉన్నాయో, ఎప్పుడు అయిపోయాయో ఫోన్ ద్వారా పైకి తెలియజేసే ఏర్పాటు. డిజిటల్ పరికరాలు మంచి ఆరోగ్య వ్యవస్థకి తోడే గానీ దాని బదులు కావు అని కూడా అందులో ఉంది. మన దగ్గర కింద ఏం చేశారు అని పైవాళ్ళు అడిగే యాప్‌లు బోలెడు వచ్చాయి, కిందవాళ్ళు మాకు ఇది కావాలి అని పైకి అడిగేవి తక్కువ. మందుల నిల్వలు చూసే ఈ-ఔషధి లాంటివి ఉన్నాయి కానీ అవి ఎక్కువగా స్టోర్ల స్థాయిలో వాడతారు.

కొండదారి_ఏఎన్ఎం
బీపీ మాత్ర అమ్లోడిపిన్ అయిపోయింది అని నొక్కే బటన్ ఒకటి పెట్టండి చాలు, మిగతా ఎంట్రీలు సంతోషంగా కొడతా.

క్షయ_సూపర్‌వైజర్
టీబీ వైపు నుంచి చెప్తా, మా అనుభవం కొంచెం వేరు. టీబీ పేషెంట్ల వివరాలు ఎక్కించే నిక్షయ్ 2012 నుంచి ఉంది. పేషెంట్‌కి ఒక ఐడీ పడితే ఊరు మారినా, రాష్ట్రం మారినా చికిత్స కొనసాగించొచ్చు, ఇటుకబట్టీలకి, చేపలవేటకి వలసపోయే వాళ్ళకి ఇది ప్రాణం లాంటిది. పోషకాహారానికి నెల నెలా ఇచ్చే డబ్బు, 2018లో 500తో మొదలై 2024 నవంబర్ నుంచి 1000 అయింది, అదీ ఈ ఎంట్రీ ఆధారంగానే బ్యాంకులో పడుతుంది. కాబట్టి ఎంట్రీ అంటే నాకు విసుగు లేదు, పేషెంటే వచ్చి అన్నా నా పేరు ఎక్కించావా అని అడుగుతాడు. తనకి ఏదో వస్తుందని తెలిస్తే పేషెంట్ కూడా వివరాలు సరిగ్గా ఇస్తాడు.

99డాట్స్ అని ఒకటుండేది, స్మార్ట్‌ఫోన్ కూడా అక్కర్లేదు. మాత్రల షీటు వెనక అట్ట మీద ఫోన్ నంబరు దాగి ఉంటుంది, మాత్ర తీస్తే ఆ నంబరు కనబడుతుంది, దానికి ఉచితంగా కాల్ చేస్తే ఆ రోజు మాత్ర వేసుకున్నట్టు లెక్క. తెలివైన ఆలోచన. కానీ మాత్ర తీసి కాల్ చేసి మింగనివాళ్ళూ ఉన్నారు, మింగి కాల్ చెయ్యనివాళ్ళూ ఉన్నారు. కాల్ రాలేదని ఇంటికి వెళ్తే మనిషి బానే మందులు వాడుతుంటాడు, ఫోన్ మాత్రం తాకట్టులో ఉంటుంది. అందుకే నేను స్క్రీన్ మీద ఆకుపచ్చ గుర్తు చూసి ఊరుకోను, బండేసుకుని వెళ్ళి షీట్లు చూస్తా, బరువు చూస్తా.

యూనియన్_లక్ష్మి
బండేసుకుని వెళ్తా అన్నారు చూడండి, అక్కడుంది అసలు పని. ఆశాలకి 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డు ఇచ్చింది, ఇంటింటికీ నడిచి వెళ్ళినందుకు, కోవిడ్‌లో ప్రాణాలకి తెగించి తిరిగినందుకు. ఇప్పుడు అదే మనిషిని డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని చేస్తున్నారు, ఆపరేటర్ జీతం కూడా లేకుండా. హర్యానాలో 2021లో ఆశాల ఫోన్లలో ట్రాకింగ్ యాప్ పెడితే వాళ్ళు ఎదురు తిరిగారు, మేం ఎక్కడున్నామో, ఫోన్‌లో ఏం చూస్తున్నామో మీకెందుకు అని. మన దగ్గర అడిగేది చాలా చిన్న కోరిక, డేటా ఖర్చు ఇవ్వండి, ఎంట్రీకి పట్టే టైమ్‌ని డ్యూటీ టైమ్‌లో కలపండి. రాత్రి పదింటికి వంటింట్లో కూచుని కొట్టేది కూడా ఉద్యోగమే.

మోడరేటర్
చర్చ బాగుంది, కొనసాగించండి. పేషెంట్ పేర్లు, ఊరి పేర్లు, యాప్ స్క్రీన్‌షాట్లు మాత్రం పెట్టొద్దు. ఒక స్క్రీన్‌షాట్ తీసేశాం, అందులో ఫోన్ నంబరు కనబడుతోంది.

డాలస్_డాక్టరమ్మ
రాత్రిపూట ఎంట్రీ అనగానే నాకూ రాయాలనిపించింది. అమెరికాలో ప్రైమరీ కేర్ డాక్టర్‌ని. ఇక్కడ 2021 ఏప్రిల్ నుంచి ఒక నిబంధన, పరీక్ష రిజల్ట్ సిస్టమ్‌లోకి రాగానే పేషెంట్‌కి కూడా యాప్‌లో కనబడాలి, కారణం లేకుండా ఆపకూడదు. హక్కుగా చూస్తే మంచిదే, ఎవరి రిపోర్టు వాళ్ళది. కానీ శుక్రవారం రాత్రి బయాప్సీలో కాన్సర్ అనే మాట పేషెంట్ ఒంటరిగా ఫోన్‌లో చదువుకుంటారు, నేను చూసేది ఆ తర్వాత. రాత్రి పిల్లలు పడుకున్నాక నేను కూడా పేషెంట్ మెసేజ్‌లకి జవాబులు రాస్తూ కూచుంటా, మా దగ్గర దానికి పైజమా టైమ్ అని పేరు కూడా పడిపోయింది. ఇప్పుడు నేను చేస్తున్నదేంటంటే, పరీక్ష రాసేటప్పుడే రెండు మూడు రకాల ఫలితాలు రావచ్చు, చెడ్డది వస్తే నేనే ఫోన్ చేస్తా, ముందే చదవాలా నా ఫోన్ కోసం ఆగాలా మీ ఇష్టం అని చెప్పేస్తున్నా. చాలామంది ఆగుతామంటున్నారు.

బెంగళూరు_రవి
డాక్టరమ్మ గారూ మన దగ్గర కూడా ల్యాబ్‌ల నుంచి వాట్సాప్‌లో పీడీఎఫ్ అలాగే వచ్చేస్తుంది, అది చదివి మా నాన్న రాత్రంతా నిద్రపోడు.

మదనపల్లె_సీహెచ్ఓ
మంచి అడిగారు కాబట్టి ఒకటి రాస్తా. వీడియో కాల్‌లో డాక్టర్ సలహా ఇప్పించే ఈ-సంజీవని 2019 నవంబర్‌లో హెల్త్ సెంటర్లలో మొదలైంది, దేశంలో ముందు అమలు చేసింది ఆంధ్రే. మా సెంటర్‌కి ఒకాయన కాలి మీద పుండుతో వచ్చాడు, షుగర్ ఉంది, పట్నం ఆస్పత్రికి పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, ఛార్జీలు, తోడుకి ఇంకో మనిషి. కెమెరా ముందు కాలు పెట్టించి స్పెషలిస్టుకి చూపించా. ఆయన వేళ్ళు నొక్కించి, స్పర్శ ఉందో లేదో నా చేత పరీక్ష చేయించి, మందు మార్చి, ఏ గుర్తులు కనబడితే వెంటనే పంపాలో చెప్పాడు. పుండు మానింది. ఇందులో ఒక కిటుకుంది, అవతల డాక్టరు బాగున్నాడు, ఇవతల చెయ్యి పెట్టి చూసే మనిషి ఉంది. ఉత్త ఫోన్‌తో ఇది అయ్యేది కాదు.

కానీ రోజుకి ఇన్ని కాల్స్ అని లెక్క పెడితే మాత్రం జలుబుకీ దగ్గుకీ కూడా కాల్ చెయ్యాల్సొస్తుంది, అవసరమైనోడికి లైను దొరకదు.

కోడర్_కాకినాడ
ఇక్కడ చెప్పినవన్నీ పక్కపక్కన పెట్టి చూశా. టీబీ ఆయనకి ఎంట్రీ వల్ల పేషెంట్‌కి డబ్బు పడుతోంది, సీహెచ్ఓ గారికి కాల్ చేస్తే సలహా వస్తోంది, పల్నాడు డాక్టర్ గారికి లిస్టు వస్తోంది. ముగ్గురూ యాప్‌ని తిట్టట్లేదు. ఏఎన్ఎం గారికి, ఆశ అక్కకి తిరిగి ఏమీ రావట్లేదు. పల్నాడు డాక్టర్ గారూ, మీ లాగిన్‌లో కనబడే లిస్టు సెంటర్లవారీగా డౌన్‌లోడ్ అవుతుందేమో చూడండి. చాలా సిస్టమ్స్‌లో ఎక్సెల్ వస్తుంది, ఎవరూ నొక్కరంతే.

మెడికలాఫీసర్_పల్నాడు
ఇప్పుడే చూశా, వస్తోంది. సెంటర్ పేరుతో ఫిల్టర్ కూడా ఉంది. టీకాల రోజులు మాకు బుధవారం, శనివారం కదా, మంగళవారం మధ్యాహ్నానికి ఏ ఊరి లిస్టు ఆ ఊరి ఏఎన్ఎంకి ఇచ్చేస్తా, టీకా రావాల్సిన పిల్లలు, హై రిస్క్ గర్భిణులు, బీపీ మందుకి రానివాళ్ళు ముగ్గురివీ. మా వాట్సాప్ గ్రూపులో పెడితే అందరికీ ఒకేసారి అందుతుంది.

గోప్యత_గోపి
సార్ గ్రూపులో వద్దు. ఆ గ్రూపులో డ్రైవర్లు, సెక్రటేరియట్ వాళ్ళు, పాత స్టాఫ్ అందరూ ఉంటారు. పేర్లు, జబ్బులు అలా తిరిగితే మళ్ళీ వెనక్కి తీసుకోలేం.

కొండదారి_ఏఎన్ఎం
అవును సార్. మా ఏజెన్సీలో సిగ్నల్ దొరికేసరికి బుధవారం వెళ్ళిపోతుంది కూడా, కాగితమే నయం. మా మెడికల్ ఆఫీసర్ గారిని కూడా ఇదే అడుగుతా. లిస్టులో ఫోన్ నంబరు కంటే ఇంటి గుర్తు, భర్త పేరు ఉంటే మాకు ఎక్కువ పనికొస్తుంది, ఒకే ఇంటిపేరుతో సగం ఊరు ఉంటుంది.

మెడికలాఫీసర్_పల్నాడు
సరే, ప్రింట్ తీసి ఎవరిది వాళ్ళకి చేతికే ఇస్తా, వారం అయ్యాక వెనక్కి తీసుకుని చించేస్తా. భర్త పేరు కాలమ్ ఉంది, ఇంటి గుర్తు లేదు, అది మీవాళ్ళు పెన్నుతో రాసుకోవాల్సిందే.

ఓరుగల్లు_ఆశ
సారూ, ఆశాలకు గూడ ఒక కాపీ ఇయ్యుండ్రి. ఆ ఇండ్లకు ముందుగాల పొయ్యేది మేమే.